కనకాంబరం రెండో ఏట ఎందుకు క్షీణిస్తోంది? వేరు, మట్టి, పెంపకం గురించి చర్చ

గుంటూరు పెరడు:

సభ్యులందరికీ నమస్కారం. మా పెరట్లో తొమ్మిది కనకాంబరం మొక్కలు ఉన్నాయి. కిందటి ఏడాది ఆషాఢంలో నాటాను. దసరా నాటికి పూతకు వచ్చి, సంక్రాంతి దాటి ఎండలు ముదిరే వరకు రోజు విడిచి రోజు రెండు మూరల దండకు సరిపడా పూలు ఇచ్చాయి. ఈ ఏడాది తొలకరి పడిన తరువాత వాటి తీరు పూర్తిగా మారిపోయింది. ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి, కంకులు వేలెడంత కూడా సాగడం లేదు, విచ్చిన పూలు సగం పరిమాణానికి తగ్గాయి. నేల తడిగా ఉన్నప్పటికీ మధ్యాహ్నానికి మొక్కలన్నీ తలలు వాల్చి, చల్లబడ్డాక కొంత తేరుకుంటున్నాయి. నీరు చాలలేదేమోనని రోజూ పోశాను; దానివల్ల మేలు జరగకపోగా రెండు మొక్కలు నిలువునా ఎండిపోయాయి.

మాది నల్లరేగడి నేల. బోరు నీరు పెడతాము. పశువుల ఎరువు తప్ప మరేమీ వేయలేదు. కనకాంబరం నాటక ముందు రెండేళ్లు అదే మడిలో వంగ పెంచాము. ఈ మొక్కలు మా అత్తగారు తన పుట్టింటి నుంచి తెచ్చిన కొమ్మలతో మొదలైనవి కాబట్టి, వీటిని పోగొట్టుకుని అంగట్లో కొత్తవి కొనుక్కోవడానికి నా మనసు ఒప్పడం లేదు. దయచేసి అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మేడమీది తోట:

విజయవాడలో మేడ మీద కుండీలలో నాలుగేళ్లుగా కనకాంబరం పెంచుతున్నాను. మీరు చెప్పిన పసుపు రంగు నాకు బాగా పరిచయమైనదే. మీరు ముందుగా గమనించవలసినది, ఏ ఆకులు పసుపుబారుతున్నాయన్నది. కొమ్మ చివరి లేత ఆకులు పసుపుగా మారి, వాటి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా వల వేసినట్లు కనిపిస్తే అది ఇనుము లోపం. కింది ముదురు ఆకులు ఈనెలతో సహా పసుపుబారి రాలిపోతే అది నత్రజని లోపం కావచ్చు, లేదా వేరు దెబ్బతిన్నదని అర్థం.

నల్లరేగడిలో సున్నం ఎక్కువగా ఉంటుంది. దానికి ఉప్పు, సున్నం కలిసిన బోరు నీరు తోడైతే మట్టిలో ఇనుము ఉన్నా వేరు దానిని తీసుకోలేదు. నేను లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, వడకట్టి, సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేస్తాను. వారం పది రోజుల ఎడంతో మూడుసార్లు చేస్తే కొత్త ఆకు పచ్చగా వస్తుంది. ఎప్పటికప్పుడు కలుపుకోవాలి, నిలవ ఉంచిన ద్రావణం తుప్పు రంగుకు తిరిగితే పనికిరాదు. విచ్చిన పూల మీద పడకుండా, పూలు కోసుకున్న రోజునే కొట్టడం మంచిది. మీ రకం గింజలు వస్తే నాకు కొన్ని పంపగలరా?

పూలమడి:

మేడమీది తోట గారు చెప్పిన మందు సరైనదే కానీ, అమ్మా, మీ మొక్కల జబ్బు అది కాదని నాకు అనిపిస్తోంది. మాది మదనపల్లె దగ్గర పల్లె. టమాటా తరువాత కనకాంబరం పెట్టి రెండుసార్లు నష్టపోయినవాడిని కనుక కొంచెం వివరంగా రాస్తాను.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాటలు రెండు. మొదటిది, తడి ఉన్నా మధ్యాహ్నం వాలిపోయి సాయంత్రం తేరుకోవడం. రెండవది, ముందు పంట వంగ. నేలలో నీరు ఉండి కూడా ఆకు దాకా చేరడం లేదంటే దారిలో ఎక్కడో అడ్డం ఉన్నట్టే, ఆ దారి వేరు. వంగ, టమాటా, బెండ వేసిన నేలలో వేరుబుడిపె నులిపురుగులు, అంటే వేళ్లలో చేరి బుడిపెలు కట్టించే సన్నని పురుగులు, బాగా పెరుగుతాయి. కనకాంబరం వాటికి చాలా ఇష్టమైన మొక్క. మొదటి ఏడాది మొక్క కొత్త వేళ్లు వేసుకుంటూ ఆ దెబ్బను ఓర్చుకుంటుంది, అందుకే మీకు పూలు బాగానే వచ్చాయి. రెండో ఏటికి పురుగుల సంఖ్య పెరిగి, వేళ్లు ఓడిపోతాయి.

బాగా నీరసించిన మొక్కను ఒకదానిని త్యాగం చేయండి. పట్టి లాగవద్దు, లాగితే సన్నని పిల్లవేళ్లు తెగి మట్టిలోనే ఉండిపోతాయి, మీరు చూడవలసినవి అవే. చుట్టూ జానెడు దూరంలో పారతో తవ్వి, మట్టిగడ్డతో సహా లేపి, బకెట్టు నీటిలో అరగంట నాననిచ్చి, మెల్లగా ఆడించి కడగండి. తెల్లటి గుడ్డ మీద పరిచి ఎండ వెలుతురులో చూడండి. ఏమి కనిపించిందో రాస్తే ముందుకు ఆలోచిద్దాం. అప్పటి దాకా రోజూ నీరు పోయడం ఆపండి. కనకాంబరం వేరుకు తడి కావాలి కానీ నిలవ నీరు కాదు, అందులోనూ నల్లరేగడిలో పోసిన నీరు రెండు మూడు రోజులు దిగదు.

గుంటూరు పెరడు:

మీరు చెప్పినట్లే ఈ ఉదయం ఒక మొక్కను తవ్వి కడిగి చూశాను. తల్లివేరు బాగానే ఉంది. పక్కవేళ్ల మీద మాత్రం ఆవగింజ మొదలు జొన్నగింజ వరకు పరిమాణంలో బుడిపెలు ఉన్నాయి. కొన్నిచోట్ల రెండు మూడు బుడిపెలు కలిసిపోయి వేరు అల్లం కొమ్ములా లావెక్కింది. గోటితో ఒక బుడిపెను చీల్చితే లోపల ఆవగింజలో సగం కూడా లేని, ముత్యంలా మెరిసే తెల్లని చుక్కలు కనిపించాయి. చివరన ఉండవలసిన సన్నని పీచువేళ్లు దాదాపు లేవు. కొన్ని వేళ్లు బుడిపెలు లేకుండానే నల్లగా మారి, వేళ్లతో నలిపితే పై పొర ఊడి వచ్చింది. ఎండిపోయిన రెండు మొక్కలలో ఒకదాని కాండాన్ని నేలమట్టం దగ్గర చీల్చి చూశాను; లోపల గోధుమ రంగు చార ఉంది. ఈ మూడూ ఒకే జబ్బేనా?

మొక్కల చదువు:

ఉద్యాన విద్య చదువుతున్నాను. మీరు ఇంత శ్రద్ధగా గమనించి రాసినందువల్ల సమాధానం చెప్పడం సులువయింది. మీరు చూసినవి మూడు వేర్వేరు సమస్యలు, కానీ ఒకదానికి ఒకటి తోడైనవి.

బుడిపెలు వేరుబుడిపె నులిపురుగువి. మీరు చూసిన ముత్యం లాంటి చుక్కలు దాని ఆడపురుగులు. ఒక్కొక్కటి జిగురు వంటి సంచిలో కొన్ని వందల గుడ్లు పెడుతుంది. మన వాతావరణపు వెచ్చదనంలో ఒక తరం దాదాపు నెల రోజులలో పూర్తవుతుంది కాబట్టి ఏడాదిలో వాటి సంఖ్య ఎంత పెరుగుతుందో ఊహించవచ్చు. బుడిపెలు లేకుండా నల్లబడిన వేళ్లు ప్రాటిలెంకస్ అనే మరో రకం నులిపురుగు పని అయి ఉండవచ్చు. అది బుడిపెలు కట్టదు. వేరులోపల తిరుగుతూ కణాలను చంపి నల్లని మచ్చలు మిగులుస్తుంది. దానిలో డెలాట్రై అనే జాతి కనకాంబరం మీద బాగా పేరుపడిన శత్రువు. కాండంలోని గోధుమ రంగు చార ఫ్యుసేరియం అనే శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులుకు గుర్తు. నులిపురుగులు చేసిన గాయాలే ఆ శిలీంధ్రానికి ద్వారాలు.

ఈ మడిలోని మొక్కలకు మందులు పోసి నిలబెట్టాలని ప్రయత్నించవద్దని నా సలహా. వేరు లోపల ఉన్న పురుగును చంపగల మందులు ఇంటి పెరట్లో, తలలో పెట్టుకునే పూల మొక్కకు వాడదగినవి కావు. ఇక్కడ మీకు మేలు చేసే విషయం మరొకటి ఉంది. ఈ నులిపురుగులు వేరును దాటి కొమ్మలోకి ఎక్కవు. అంటే మీ మొక్క వేరు చెడినా కొమ్మ శుభ్రంగానే ఉంది. వాడిపోయే లక్షణం ఇంకా ముదరని, కాండం చీల్చితే లోపల తెల్లగా ఉన్న మొక్కల నుంచి కొమ్మ చివరలు తీసి, కొత్త మట్టిలో నాటుకుంటే మీ అత్తగారి రకం అలాగే నిలుస్తుంది.

మడిని ఊరికే వదలవద్దు. ఎండిన మొక్కలను వేళ్లతో సహా తవ్వి, ఎండబెట్టి కాల్చండి. ఎరువు గుంతలో వేస్తే జబ్బు అందులోకి చేరుతుంది. ఇప్పుడు ఆ స్థలంలో బంతి ఒత్తుగా వేయండి. బంతి వేళ్లలో ఉండే ఆల్ఫా టెర్థైనిల్ అనే పదార్థం నులిపురుగులను అణచివేస్తుంది. నాలుగైదు మొక్కలు అంచున పెడితే చాలదు. మడి అంతా బంతి వేరు వ్యాపించాలి, కనీసం మూడు నెలలు ఉండాలి, పూలయ్యాక మొక్కలను అక్కడే దున్నేయాలి. వచ్చే ఏప్రిల్, మే నెలల్లో మడిని తడిపి, పలుచటి పారదర్శక ప్లాస్టిక్ పట్టాను నేలకు అంటుకునేలా పరిచి, అంచులను మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. నల్ల పట్టా కన్నా పారదర్శకమైనదే మట్టిని ఎక్కువ లోతుకు వేడెక్కిస్తుంది. ఆ తరువాత చదరపు మీటరుకు 100 గ్రాముల వేపపిండి కలపండి.

మేడమీది తోట:

నా అంచనా తప్పని ఒప్పుకుంటున్నాను. లేత ఆకా, ముదురు ఆకా అని అడిగి సమాధానం రాకముందే మందు చెప్పేయడం తొందరపాటు. వేరు చెడినప్పుడు కూడా ఆకు పసుపుబారుతుందని, ఇనుము అందకపోవడానికి మంచి వేరు లేకపోవడం కూడా ఒక కారణమని ఇప్పుడు బాగా అర్థమయింది. ఈ చర్చ చదివాక నా కుండీలలో ఒకటి బోర్లించి చూశాను. వేళ్లు శుభ్రంగానే ఉన్నాయి, కానీ కుండీ అంతా చుట్టుకుపోయి మట్టే కనిపించడం లేదు. పన్నెండు అంగుళాల కుండీలో కనకాంబరాన్ని రెండేళ్లకు మించి కదపకుండా ఉంచకూడదన్నమాట. వేళ్లను చుట్టూ ఒక అంగుళం మేర కత్తిరించి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు చివికిన ఎరువు, ఒక పాలు ఇసుక, గుప్పెడు వేపపిండి కలిపి మళ్లీ నాటాను.

కడియం దారి:

నర్సరీ మొక్కల మధ్యే పెరిగినవాడిని కనుక కొమ్మ నాటడం గురించి నా వంతు చెబుతాను. గుంటూరు పెరడు గారూ, మీ మొక్కలకు ఎప్పుడైనా గింజ కట్టిందా? కట్టలేదంటే, కొమ్మలతోనే తరతరాలుగా వస్తోందంటే, అది ఢిల్లీ కనకాంబరం అయి ఉండాలి. పేరు ఢిల్లీ అయినా సాగు దక్షిణాదిలోనే. అది త్రిస్థితిక రకం, అంటే దాని కణాలలో క్రోమోజోములు మామూలుగా ఉండే రెండేసి కాక మూడేసి చొప్పున మొత్తం 30 ఉంటాయి. అందువల్ల గింజ కట్టదు, పూలు మాత్రం ముదురు నారింజ రంగులో ఎక్కువగా పూస్తుంది. నాటు రకాలు గింజతో వస్తాయి. పసుపు రంగువి, ఎర్రటివి కూడా ఉన్నాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ నుంచి అర్క అంబర, అర్క కనక వంటి మెరుగైన రకాలు వచ్చాయి.

కొమ్మ కత్తిరించేటప్పుడు పూల కంకి ఉన్నదాన్ని తీసుకోవద్దు. దానికి పూయాలన్న తొందరే తప్ప వేరు వేసే ఓపిక ఉండదు. మరీ లేతది కుళ్లిపోతుంది, బెరడు కట్టినది ఆలస్యం చేస్తుంది. వంచితే విరగకుండా వంగి, కొంచెం ఎదురు తిరిగే కొమ్మ సరైనది. మూడు నాలుగు కణుపులు ఉండేలా, కింది కణుపుకు కాస్త దిగువన పదునైన బ్లేడుతో కోసి, కింది ఆకులు తుంచి, పై ఆకులను సగానికి కత్తిరించి, కడిగిన ఏటి ఇసుకలో రెండు కణుపులు మునిగేలా గుచ్చండి. నీడలో ఉంచి, పైన ప్లాస్టిక్ కవరు గుడారంలా కప్పి, రోజుకొకసారి గాలి తగలనివ్వండి. ఈ వానాకాలమే దానికి అనుకూలమైన రోజులు. మూడు నాలుగు వారాలలో వేరు పడుతుంది. పడిందో లేదో చూడాలని పెరికి చూడవద్దు. కొత్త ఆకు జత విచ్చితే పడినట్టే.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఎక్కడ కొన్నా సంచిలో మొక్క తెచ్చుకుంటే, నేలలో పెట్టక ముందు సంచి చీల్చి వేళ్లు చూసుకోండి. నులిపురుగు ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి ప్రయాణం చేసేది ఆ మట్టిగడ్డలోనే.

డాలస్ వాకిలి:

ఇక్కడి నర్సరీలలో వేసవి మొదట్లో కనకాంబరాన్ని ఫైర్‌క్రాకర్ ఫ్లవర్ అనే పేరుతో అమ్ముతారు. మొదటిసారి చూసినప్పుడు, ఎవరో ఊరి నుంచి పిలిచినట్లయి అక్కడే నిలబడిపోయాను. ఇక్కడి నేల కూడా సున్నం కలిసిన నల్ల జిగట మట్టే, నీరూ గట్టిదే. అందువల్ల నేను నేలలో కాకుండా కుండీలోనే పెంచుతున్నాను. వానకు పట్టిన నీటిని దాచి పోస్తాను. వేసవి అంతా తూర్పు వాకిట్లో చక్కగా పూస్తుంది. రాత్రి ఉష్ణోగ్రత 55 డిగ్రీల ఫారెన్‌హీటుకు, అంటే దాదాపు 13 డిగ్రీల సెల్సియస్‌కు దిగుతుందనగానే లోపలికి తెచ్చి దక్షిణపు కిటికీ దగ్గర పెట్టాలి. ఒక ఏడాది రెండు రోజులు ఆలస్యం చేశాను. మంచు పడకపోయినా చలికే ఆకులన్నీ నల్లబడి రాలాయి. లోపల ఉన్నంత కాలం నీరు తగ్గించి, గోరువెచ్చని నీటినే పోయాలి. చలికాలంలో పూత ఆశించను, మొక్క బతికితే చాలు.

జడకుచ్చులు:

మా ఇంట్లో యాభై ఏళ్లుగా కనకాంబరం ఉంది కాబట్టి కోత గురించి నాలుగు మాటలు రాస్తాను. పూత తగ్గిందని ఫిర్యాదు చేసేవారిలో చాలామంది కోసే పద్ధతి వల్లే నష్టపోతున్నారు.

కనకాంబరం కంకిని దగ్గరగా చూడండి. ఆకుపచ్చని రేకు డొప్పలు నాలుగు వరుసలుగా జడ అల్లినట్లు పేర్చి ఉంటాయి. పూలు ఆ డొప్పల మధ్య నుంచి అడుగున మొదలై పైకి విచ్చుతూ పోతాయి. ఒక పువ్వు పూర్తిగా విచ్చడానికి రెండు రోజులు పడుతుంది. అందుకే పెద్దలు రోజు విడిచి రోజు కోసేవారు. పూరేకును పట్టి లాగితే విసనకర్ర లాంటి రేకు చేతికి వచ్చి, సన్నని గొట్టం కంకిలోనే ఉండిపోతుంది, అటువంటి పువ్వు దండకు ఆగదు. బొటనవేలు, చూపుడువేలు కంకి దాకా దించి, గొట్టాన్ని పట్టి మెల్లగా పైకి తీయాలి. తెల్లవారుజామున, ఎండ పొడ తగలక ముందే కోయాలి. అలా కోసిన పువ్వు తడిగుడ్డలో మరునాటికి కూడా వాడదు. దీనికి వాసన లేదన్నది నిజమే, అందుకే మల్లెతోనో మరువంతోనో కలిపి కడతాము. కానీ మల్లెకు లేని నిలకడ దీనికి ఉంది.

కంకి చివరి పువ్వు కూడా అయ్యాక దానిని మొక్క మీద ఎండనివ్వవద్దు. కింది ఆకు జతకు పైన కత్తిరిస్తే ఆ రెండు ఆకుల పంచల నుంచి రెండు కొమ్మలు వచ్చి రెండు కంకులు వేస్తాయి. గింజ కట్టే నాటు రకమైతే నాలుగైదు కంకులు మాత్రం విత్తనానికి ఉంచండి. ఆ కాయలకు నీరు తగిలితే చాలు, చిటుక్కుమని పగిలి గింజలను దూరంగా విసురుతాయి. తొలకరి చినుకులకు మా వసారాలో వినిపించే ఆ చప్పుడు నాకు చిన్ననాటి నుంచి ఇష్టం. వాన రాకముందే ఎండు కంకులు కోసి, గుడ్డసంచిలో వేసి, నీళ్లు చిలకరించి మూతి కట్టితే గింజలన్నీ సంచిలోనే పడతాయి. తడిసిన గింజ జిగురుగా అంటుకుంటుంది, నీడలో ఆరబెట్టి వాడుకోవాలి.

పూలమడి:

జడకుచ్చులు అమ్మగారు చెప్పిన కంకి కత్తిరింపును మా తోటలో నిరుటి నుంచి చేస్తున్నాము, కొమ్మలు నిజంగానే రెట్టింపు అవుతున్నాయి. ఒక్క విషయం కలుపుతాను. నడి ఎండలు కాసే చోట కనకాంబరానికి పూర్తి ఎండ అవసరం లేదు. కొబ్బరి చెట్ల మధ్య పలుచని నీడలోనూ బాగా పూస్తుంది. వరుసల మధ్య రెండడుగులు, మొక్కల మధ్య అడుగు వదిలితే గాలి ఆడుతుంది, పిండినల్లి తగ్గుతుంది.

గుంటూరు పెరడు:

కార్తీకం వచ్చింది, ఏమి జరిగిందో రాయాలని మళ్లీ వచ్చాను. మీరందరూ చెప్పిన తరువాత మిగిలిన ఆరు మొక్కలలో కాండం లోపల తెల్లగా ఉన్న నాలుగింటి నుంచి పన్నెండు కొమ్మలు తీసి ఇసుకలో గుచ్చాను. అయిదు కుళ్లిపోయాయి, ఏడు వేరు పట్టాయి. పది కిలోల చివికిన పశువుల ఎరువులో ఎండు తెగులు శిలీంధ్రాన్ని అణచే ట్రైకోడెర్మా విరిడి అనే మేలుచేసే శిలీంధ్రపు పొడి 200 గ్రాములు కలిపి, గోనెసంచి కప్పి నీడలో పది రోజులు ఉంచి, ఆ ఎరువును ఎర్రమట్టిలో కలిపి కుండీలు నింపాను. ఆ మట్టి మా పెరటిది కాదు. పాత మొక్కలన్నిటినీ వేళ్లతో తవ్వి కాల్చాను. అత్తగారు దూరంగా అరుగు మీద కూర్చుని చూశారు, ఏమీ అనలేదు. ఆ మడి అంతా ఇప్పుడు బంతి. దీపావళికి వీధిలో అందరి గుమ్మాలకూ మా బంతి తోరణాలే. వచ్చే వారం వాటిని అక్కడే తవ్వి మట్టిలో కలిపేస్తాను, పట్టా పరచడం వేసవికి.

ఏడు కుండీలలో మూడింటికి కంకులు వచ్చాయి. మొదటి కంకిని తుంచేయమని కొందరు చెబుతారు కానీ అత్తగారు వద్దన్నారు. నిన్న తెల్లవారుజామున అడుగు వరుసలో విచ్చిన నాలుగు పూలను, జడకుచ్చులు గారు చెప్పినట్లు గొట్టం పట్టి తీసి, ఆవిడ చేతిలో పెట్టాను.

మేడమీది తోట గారూ, మీరు గింజలు అడిగారు. కడియం దారి గారు చెప్పినదే నిజం, అత్తగారికి ఊహ తెలిసినప్పటి నుంచి దీనికి గింజ కట్టలేదట. వచ్చే నెల విజయవాడ వస్తున్నాను. రెండు కొమ్మలను వేరు పట్టించి, వేళ్లు కడిగి, తడిగుడ్డలో చుట్టి తెస్తాను. మట్టి మాత్రం మీ ఇంటిదే సిద్ధంగా ఉంచండి.